బొగ్గుల మీద డచ్ ఓవెన్‌లో జింక మాంసం: నా అనుభవం

అమెరికాలో మన వాళ్ళకి ఆఫీసు కొలీగో పక్కింటాయనో జింక మాంసం ప్యాకెట్ చేతిలో పెట్టాడంటే అది దాదాపుగా నేరుగా ప్రెషర్ కుక్కర్‌లోకే వెళ్తుంది. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, 8 విజిల్స్. తినేటప్పుడు "అబ్బే, కొబ్బరి పీచు నమిలినట్టుందండీ, ఎంతైనా మన మటన్ మటనే" అని తీర్పు. ఈ తీర్పు నేను చాలా ఇళ్ళలో విన్నాను. అందులో జింక తప్పేమీ లేదు, మసాలా తప్పూ లేదు. ఏ ముక్క ఏ భాగానిదో చూడకుండా అన్నిటినీ ఒకేలా వండటం వల్ల వచ్చే గొడవ అది. మొన్న నవంబర్ ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత మా పక్కింటాయనతో కలిసి మెడ మాంసం, భుజం, కాళ్ళు పెరట్లో బొగ్గుల మీద డచ్ ఓవెన్‌లో, అంటే మూత ఉన్న బరువైన పోత ఇనుప పాత్రలో, వండాం. ఎలా చేశామో మొదటి నుంచీ రాస్తున్నాను, ఈ సీజన్‌లో ఎవరికైనా ప్యాకెట్ వస్తే పనికొస్తుంది.

మేముండేది విస్కాన్సిన్‌లో, మ్యాడిసన్‌కి దగ్గర. ఇక్కడ తుపాకీతో జింకల వేట థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలై 9 రోజులు ఉంటుంది. ఆ వారం ఏ పెట్రోల్ బంక్‌లో ఆగినా నారింజ రంగు జాకెట్లే. నడుము పైన వేసుకునే బట్టల్లో కనీసం సగం ఆ మెరిసే నారింజ రంగు ఉండాలని రూలు, 2016లో గులాబీ రంగుకి కూడా ఒప్పుకున్నారు. కొట్టిన జింకని మర్నాడు సాయంత్రం 5 గంటల లోపు ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో రిజిస్టర్ చేయాలి. ఇంకో సంగతి, వేటాడిన జింక మాంసాన్ని అమ్మకూడదు, కొనకూడదు. షాపులో వెనిసన్ అని దొరికేది ఫారాల్లో పెంచిన జింకది, చాలా వరకు న్యూజిలాండ్ నుంచి వచ్చేది. కాబట్టి అడవి జింకది తినాలంటే మనమే వేటకెళ్ళాలి, లేదా ఎవరో ఒకరు ప్రేమగా ఇవ్వాలి. మాకు రెండోది జరిగింది. ఆయన కొట్టింది ఆడ జింక. కొమ్ములున్న ముదురు మగ జింక గోడమీద పెట్టుకోవటానికి బాగుంటుంది గానీ తినటానికి ఆడదే మేలు అని ఆయన మాట.

ప్యాకెట్లు చేతిలో పెడుతూ ఆయన మొదట చెప్పింది వంట గురించి కాదు, టెస్ట్ గురించి. ఇక్కడ జింకలకి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఒక జబ్బు ఉంది, అందరూ సీడబ్ల్యూడీ అంటారు. విస్కాన్సిన్‌లో 2002లో మొదటిసారి బయటపడింది, అదీ మాకు దగ్గర్లోనే, రాష్ట్రం నైరుతి వైపు. ఇది వచ్చేది బ్యాక్టీరియాతో కాదు, వైరస్‌తోనూ కాదు, వంకర తిరిగిన ప్రోటీన్‌తో, దాన్ని ప్రియాన్ అంటారు, మెదడులో, వెన్నుపాములో, లింఫ్ గ్రంథుల్లో పోగవుతుంది. మనుషులకి సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు గానీ, పాజిటివ్ వచ్చిన జింకని తినొద్దని ఇక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగా చెప్తోంది. వండితే పోతుందిలే అనుకోవటానికి లేదు, మన వంటింటి వేడి దాన్ని ఏమీ చేయదు. వేటగాళ్ళు జింక తలని మెడ కొంచెం ఉంచి కోసి, డీఎన్‌ఆర్ (వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర శాఖ) వాళ్ళు పెట్టిన కియోస్క్‌లో వదిలేస్తే ఉచితంగా టెస్ట్ చేసి, రెండు వారాలకి అటూ ఇటూగా రిజల్ట్ పెడతారు. అంతవరకు మాంసం ఫ్రీజర్‌లోనే. రిజల్ట్ వచ్చిందని ఫోన్‌లో చూపించాకే ప్యాకెట్లు మా ఇంట్లోకి వచ్చాయి. ఎవరైనా ఇస్తే మొహమాటపడకుండా "టెస్ట్ చేయించారా?" అని అడగండి, ఏమీ అనుకోరు, అడగకపోతేనే వింతగా చూస్తారు.

మా అమ్మ అప్పుడు మాతోనే ఉంది, నరసరావుపేట నుంచి వచ్చి. ప్యాకెట్ మీద రాసింది చదివి చెప్పగానే "జింకా? ఒరేయ్, పోలీసులొస్తే?" అంది. ఆవిడ భయం ఆవిడది. మనకి అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకని చంపటమే కాదు, మాంసం దగ్గర ఉన్నా జైలే. పైగా కృష్ణజింక ఆంధ్రా రాష్ట్ర జంతువు, తెలంగాణకి చుక్కల జింక. ఇక్కడ లైసెన్స్ తీసుకుని, ట్యాగ్ కొని, లెక్క ప్రకారం కొడతారని, కొట్టకపోతే ఇవి పెరిగిపోయి మొక్కజొన్న చేలు మేసేస్తాయని, రోడ్ల మీద కార్లకి అడ్డం వస్తాయని చెప్పాను. "సరే, అయితే మెడ ఎముకలు వేసి పులుసు పెడదాం" అని వెంటనే ప్లాన్‌లోకి దిగింది. పోలీసు టెన్షన్ అంతసేపే.

మెడ ఎముకలు మాత్రం లేవు. సీడబ్ల్యూడీ ఉన్న చోట వెన్నెముకని కోయకుండా మాంసం మట్టుకు ఒలుచుకోమంటారు, అందుకే ఆయన మెడని ఎముక లేకుండా తీసి చుట్ట చుట్టి దారం కట్టి ఇచ్చాడు. అమ్మ మొహం చిన్నబోయింది గానీ కాళ్ళు ఎముకతోనే ఉన్నాయి, మూలుగ దొరుకుతుందని ఊరుకుంది. ఇంకో ప్యాకెట్ మీద బ్యాక్‌స్ట్రాప్ అని ఉంది. అది వెన్నుకి రెండు పక్కలా పొడుగ్గా ఉండే మెత్తటి కండ. దాన్ని కూరలో వేయొద్దని పక్కింటాయన నా చేత దాదాపు ఒట్టు వేయించుకున్నాడు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. జింక రోజంతా ఏ కండతో నడుస్తుందో, ఏ కండతో తల ఎత్తి దించి మేస్తుందో ఆ కండల్లో కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ ఎక్కువ, అవి గంటల తరబడి సన్నటి వేడిలో ఉంటేనే ఆ కొలాజెన్ కరిగి జిగురవుతుంది, ముక్క మెత్తబడుతుంది. వెన్ను కండలో ఆ జిగురు లేదు, కొవ్వూ లేదు, ఎక్కువసేపు ఉంచేకొద్దీ లోపలి నీరంతా పోయి పిడచకట్టుకుపోతుంది. మన మటన్‌లో కండల మధ్య కొవ్వు ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా చెల్లుతుంది, జింకలో చెల్లదు.

ఎక్కువ సమయం పట్టింది వంటకి కాదు, మాంసం శుభ్రం చేయటానికి. ముక్కల మీద వెండి రంగులో తళతళలాడే పల్చటి పొర ఉంటుంది, అది ఎంత ఉడికించినా కరగదు, రబ్బరులా సాగుతుంది. సన్నటి పదునైన కత్తి మొనని పొర కింద దూర్చి, అంచు పైకి లేవగానే ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, కత్తిని కొంచెం పైకి వాల్చి ముందుకి జరుపుతూ పోవాలి. సరిగ్గా వస్తే రిబ్బన్‌లాగా ఒక్క ముక్కగా ఊడొస్తుంది, కింద ముదురు ఎరుపు కండ నున్నగా మిగులుతుంది. అమ్మ కత్తి వద్దని కత్తిపీటే కావాలంది, ఇక్కడ ఎక్కడ తేను. చివరికి చిన్న కత్తితోనే నాకంటే శుభ్రంగా తీసింది. తెల్లగా గట్టిగా కనిపించే కొవ్వు కూడా మొత్తం తీసేయాలి. మేక కొవ్వు లాంటిది కాదు, కొవ్వొత్తి మైనంలా ఉంటుంది, కూర కాస్త చల్లారగానే నోట్లో అంగిలికి అంటుకుపోతుంది. అడవి వాసన అని మనవాళ్ళు ముక్కు మూసుకునేది కూడా చాలా వరకు ఈ కొవ్వుదే. మిగతాది కొట్టిన తర్వాత పేగులు తీసి చల్లబరచటంలో ఆలస్యం చేస్తే వచ్చేది, దానికి వంటలో మందు లేదు. గుండు తగిలిన చోట నెత్తురు గడ్డకట్టిన మాంసం ఉంటే దాని చుట్టూ ధారాళంగా కోసి పారేయాలి, సీసపు గుండ్లు తగిలి చిట్లినప్పుడు కంటికి కనపడనంత సన్నటి ముక్కలు చాలా దూరం పాకుతాయి. పిల్లలు తినే ఇల్లయితే రాగి గుండ్లు వాడే వేటగాడి దగ్గర తీసుకోవటం మంచిది, మా పక్కింటాయన వాడేది అవే.

వాసన పోవటానికి రాత్రంతా మజ్జిగలో నానబెట్టమని ఇక్కడివాళ్ళు కూడా చెప్తారు. మేము ఉప్పు, పసుపు, కాస్త పెరుగు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాం. నా ఉద్దేశంలో పొర, కొవ్వు శుభ్రంగా తీస్తే ఉప్పొక్కటి చాలు.

ఇక ఆ ఇనుప పాత్ర. డచ్ ఓవెన్ అనగానే మన వాళ్ళలో చాలామందికి కాస్ట్‌కోలో దొరికే ఎనామెల్ పూత ఉన్న రంగురంగుల గిన్నె గుర్తొస్తుంది, స్టవ్ మీదకి అది మంచిదే. క్యాంపుల్లో వాడేది వేరు. నల్లటి పోత ఇనుము, కింద మూడు పొట్టి కాళ్ళు, ఎత్తటానికి తీగ చెయ్యి, చదునైన మూత, మూత చుట్టూ పైకి లేచిన అంచు. కాళ్ళు బొగ్గులకి చోటు ఇవ్వటానికి, అంచు మూత మీద పోసిన బొగ్గులు జారిపోకుండా ఉండటానికి. పక్కింటాయనది లాడ్జ్ కంపెనీది, 12 అంగుళాలది, వాళ్ళ నాన్న వాడినది. ఆ కంపెనీ 1896 నుంచి టెన్నెసీలో ఇవే పోస్తోంది. యూటా రాష్ట్రం అయితే 1997లో దీన్ని తమ అధికారిక వంటపాత్రగా ప్రకటించుకుంది. రాష్ట్ర జంతువు, రాష్ట్ర పువ్వు విన్నాం గానీ రాష్ట్ర గిన్నె! ఖాళీగా ఎత్తినా నడుం పట్టేస్తుంది, నిండితే ఇద్దరు కావాలి.

అమ్మ మనసంతా గోంగూర మీద ఉంది. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన కట్టలు కూడా ఉన్నాయి. కానీ పూత లేని ఇనుములో పులుపు గంటలకొద్దీ ఉడికితే పాత్రకి పట్టిన నూనె పొర లేచిపోతుంది, కూర నల్లబడి ఇనుము రుచి కొడుతుంది. మన ఇళ్ళలో ఇనుప మూకుడులో వేపుళ్ళు చేస్తారే గానీ పులుసు పెట్టరు కదా, అదే లెక్క. పక్కింటాయన వాళ్ళ నాన్న జ్ఞాపకాన్ని నా గోంగూరతో గీకేయటం నాకూ ఇష్టం లేదు. అందుకని గోంగూర విడిగా స్టీలు గిన్నెలో మగ్గించి, తినేటప్పుడు పక్కన పెట్టుకుందామని రాజీకొచ్చాం. టమాటా కూడా వేయలేదు. ఉల్లిపాయలు బాగా ఎక్కువ, అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు ఎండుకొబ్బరి కలిపి నూరిన ముద్ద, కారం మామూలుకంటే తక్కువ. జింక మాంసానికి దాని రుచి దానికుంది, కారంతో కప్పేస్తే ఇంత శ్రమ దేనికి. కొవ్వు మట్టుకు బయటి నుంచి ఇవ్వాలి. ఆయన బేకన్ వేద్దామన్నాడు, అమ్మ "ఆ పంది గొడవ నాకొద్దు" అని తెలుగులో చెప్పింది, ఆయనకి అర్థమైంది. నెయ్యి, నువ్వుల నూనె కలిపి వేశాం.

బొగ్గుల లెక్క ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఇది నిజంగా పనికొచ్చే లెక్క. అచ్చు పోసిన బ్రికెట్లే వాడాలి, అన్నీ ఒకే సైజు కాబట్టి లెక్క కుదురుతుంది. చెక్క బొగ్గు ఒకటి భగ్గుమంటుంది, ఇంకోటి మధ్యలోనే ఆరిపోతుంది. పాత్ర అంగుళాలు ఎన్నో చూసుకుని, దానికి 3 కలిపితే మూత మీద పెట్టాల్సినవి, 3 తీసేస్తే కింద పెట్టాల్సినవి. మాది 12 అంగుళాలు, కాబట్టి పైన 15, కింద 9. అలా పెడితే లోపల సుమారు 325 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. కిందవి మధ్యలో కుప్పగా కాకుండా అంచు వెంబడి గుండ్రంగా పేర్చాలి, లేకపోతే నడిమధ్య అడుగంటుతుంది. దమ్ బిర్యానీకి మూత మీద నిప్పులు పరవటం చూసినవాళ్ళకి ఇదేమీ కొత్తగా ఉండదు, తేడా అల్లా ఇక్కడ పిండి పెట్టి మూత మూయరు, మూత బరువే ఆవిరిని చాలా వరకు ఆపుతుంది. ఆ లెక్క గాలి లేని రోజుకి. మేము వండిన రోజు నేల మీద పల్చగా మంచు, పడమటి నుంచి కోసేసే గాలి. గాలికి బొగ్గులు ఎర్రగా రగిలి తొందరగా బూడిదైపోతాయి, ఇనుము మాత్రం వేడి నిలుపుకోలేదు. గాలి వచ్చే వైపు రేకులు నిలబెట్టి, పైనా కిందా ఒకటి రెండు ఎక్కువే వేస్తూ వచ్చాం.

ముందు బొగ్గులన్నీ కిందే వేసి పాత్రని బాగా కాల్చి, పెరుగు తుడిచేసిన ముక్కల్ని కొద్దికొద్దిగా నెయ్యిలో వేయించాం. అన్నీ ఒక్కసారి వేస్తే నీరు ఊరి ఉడుకుతాయే తప్ప వేగవు. ముక్కకి అన్ని వైపులా ముదురు గోధుమరంగు వచ్చాక తీసేసి, అదే నెయ్యిలో ఉల్లిపాయలు, తర్వాత అల్లం వెల్లుల్లి, మసాలా. అడుగున అంటిన మాడుని కాసిని వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకి కలిపేశాం, రుచంతా అందులోనే ఉంది. తర్వాత మెడ చుట్ట, భుజం ముక్కలు, కాళ్ళు పేర్చి, ముక్కలు సగం మునిగేదాకా మాత్రమే నీళ్ళు. మూత, మూత మీద బొగ్గులు.

అక్కడి నుంచి చేయాల్సిందల్లా పావుగంటకోసారి పాత్రని ఒక వైపు పావు వంతు, మూతని దానికి ఎదురు వైపు పావు వంతు తిప్పటం, ఒకే చోట వేడి తగలకుండా. ముప్పావుగంట, గంటకి బొగ్గులు సగానికి పైగా బూడిదవుతాయి, ఆ లోపే చిమ్నీలో (బొగ్గులు రాజేసే రేకు గొట్టం) కొత్తవి రాజేసి సిద్ధంగా ఉంచుకోవాలి. మూత తీసేటప్పుడు కొక్కెంతో సమంగా ఎత్తాలి, కాస్త వంగినా బూడిద కూరలోకే.

గంటన్నర దాటాక మూత తీసి ఫోర్క్ గుచ్చితే మెడ ముక్క రాయిలా ఉంది, వేసినప్పటికంటే గట్టిగా. చాలామంది ఇక్కడే ఇది ముదురు మాంసం అనుకుని వదిలేస్తారు. కండ వేడికి ముందు ముడుచుకుంటుంది, కొలాజెన్ కరగటం మొదలయ్యేది తర్వాతే. థర్మామీటర్ అప్పటికే 160 దాటింది, ఇక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ చెప్పే లెక్కలో తినటానికి భయం లేదు, కానీ పళ్ళు ఊడతాయి. పక్కింటాయన మూత పెట్టేసి కుర్చీలో కూర్చుని ఫుట్‌బాల్ కబుర్లు మొదలెట్టాడు, ప్యాకర్స్ గురించి, నాకు సగం అర్థం కాలేదు. అమ్మ శాలువా మీద శాలువా కప్పుకుని "కుక్కర్ అయితే ఈపాటికి గిన్నెలు కూడా కడిగేసేదాన్ని" అని అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉంది. మూడో గంట దగ్గర వాసన మారింది. అప్పటిదాకా మసాలా వాసనే, ఇప్పుడు మాంసం వాసన వచ్చింది, కమ్మగా. ఫోర్క్ గుచ్చి తిప్పితే మెడ చుట్ట పొరలు పొరలుగా విడిపోయింది, పులుసు వేళ్ళకి అంటుకునేంత జిగురుగా ఉంది. ఆఖర్న మూత తీసేసి కాసేపు ఇగరబెట్టాం.

బ్యాక్‌స్ట్రాప్ ఆ గ్యాప్‌లో అయిపోయింది. మూతని తిరగేసి బొగ్గుల మీద పెడితే అదే పెనం. వేలు మందాన ముక్కలు కోసి ఉప్పు, మిరియాలు పట్టించి నెయ్యిలో ఒక్కో వైపు రెండేసి నిమిషాలు. ఆయన లోపల గులాబీ రంగు ఉండగానే తిన్నాడు, ఇక్కడి వేటగాళ్ళు అలాగే తింటారు. అమ్మ తన వంతు ఇంకాసేపు ఉంచమంది. పూర్తిగా ఉడికింది కావాలంటే పల్చగా కోసి త్వరగా వేయించటం మంచిది, మందపాటి ముక్కని ఎక్కువసేపు ఉంచితే గట్టిబడుతుంది. ఆవిడది కొంచెం గట్టిబడింది, అయినా బాగుందంది.

కూర ఎలా ఉందంటే, మటన్‌లా లేదు, మటన్‌లా ఉండాలనుకుంటే మటనే వండుకోవాలి. మేక మాంసం కంటే ముదురు రుచి, కాస్త లివర్ ఛాయ, తీపి తక్కువ. మెడ అన్నిటికంటే బాగుంది, భుజం కొన్నిచోట్ల పొడిగా తగిలింది, కాళ్ళ ఎముకల్లో మూలుగ అమ్మకే. మేం వేడన్నంలో, పక్కన మగ్గించిన గోంగూరతో, ఆయన వాళ్ళావిడ చేసిన కార్న్‌బ్రెడ్‌తో. తర్వాత ఆయన గోంగూర రుచి చూసి, ఇది దేంతో చేశారని అడిగి, ఇంకో గరిటె వేయించుకున్నాడు. విత్తనాలు ఉంటే వేసవిలో తన తోటలో కూడా వేస్తానన్నాడు.

పాత్ర కడగటంలో ఒక జాగ్రత్త. కూర అందులోనే రాత్రంతా వదిలేయకూడదు, పులుపు లేకపోయినా ఇనుము రంగు దిగుతుంది. తినగానే మిగిలిందంతా స్టీలు గిన్నెలోకి తీసి, పాత్ర ఇంకా గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్ళు పోసి గీకి, బొగ్గుల మీదే ఆరబెట్టి, పల్చగా నూనె రాసి ఇచ్చేశాం. వేడి పాత్రలో చన్నీళ్ళు మాత్రం పోయకండి, పోత ఇనుము పగులుతుంది. మిగిలిన కూరని మర్నాడు అమ్మ కరివేపాకు, ఎండుమిర్చి వేసి పొడిపొడిగా వేపింది, దానికి మాత్రం స్టవ్వే వాడాం.